మనిషికి అంటు కట్టవచ్చునా?



ఈ టపాకు మూలం ఒక ప్రశ్న. అది నాది కాదు. మా మాధవరంలో నా దగ్గర ఎనిమిదవ తరగతి వరకు చదివి, ఆ పిమ్మట బడి మాని గొర్రెలమంద వెంట వెళ్ళిపోయిన ఒక శిష్యునిది. ఇప్పుడతనికి నలభై అయిదేళ్ళుంటాయి. కిందటి కార్తీకంలో అతని రెండవ కొడుకు, పదునాలుగేండ్లవాడు, తుంగభద్ర దిగువ కాలువలో ఈతకు దిగి మరి పైకి రాలేదు. దివసాలన్నీ ముగిసిన తరువాత ఒక సాయంత్రం ఆ తండ్రి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు మాటాడలేదు. చివరకు తల వంచుకొనే అడిగినాడు.

"సార్, యాడనో గొర్రెను మళ్ళీ అట్లాంటి గొర్రెగానే పుట్టించినారంట గదా. టీవీలో చెప్పినారు. మనుషులకు గూడ అట్ల చేస్తారా?"

సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. జీవశాస్త్రం నా విద్య కాదు. ఆ పూట ఏమీ చెప్పలేక కాఫీ తెప్పించి, మేత గురించీ, గొర్రెల ధరల గురించీ మాటాడి పంపివేసినాను. అడిగిన శిష్యునికి జవాబు చెప్పక మాట దాటవేయడం ఉపాధ్యాయునికి తగిన పని కాదు. ఆ సిగ్గుతోనే కొన్ని నెలలుగా ఈ విషయం చదువుతూ వచ్చినాను. తెలిసినదానిని ఇక్కడ వరుసగా పెడుతున్నాను.

మాట పుట్టుక

"క్లోన్" అనే మాట గ్రీకు భాష నుండి వచ్చినది. దాని మూలార్థం రెమ్మ. 1903లో హెర్బర్ట్ వెబర్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు, విత్తనంతో పని లేకుండా కొమ్మ, గడ్డ, పిలకల ద్వారా పెరిగిన మొక్కల సంతతికి ఈ పేరు పెట్టినాడు. ఆ అర్థంలో చూస్తే మన రైతులందరూ క్లోనింగు తెలిసినవారే. మనం తినే అరటికి విత్తనం లేదు. తల్లి పక్కన లేచిన పిలకను తవ్వి మరొక చోట నాటుతారు. చెరకును కణుపుల ముక్కలుగా నరికి పాతుతారు. ఒకప్పుడు మా కర్నూలు జిల్లాలో ఉండి, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన బనగానపల్లె పేరు మోస్తున్న మామిడి ఉన్నది కదా, దాని టెంక నాటితే అదే రుచి వస్తుందన్న నమ్మకం లేదు. అంటు కట్టవలసినదే. ఊరూరా ఉన్న బంగినపల్లి చెట్లన్నీ ఒక పాత చెట్టు కొమ్మలే అనుకోవచ్చును.

ఇందులో లాభంతో పాటు ప్రమాదమూ ఉన్నది. ఒకదానికి వచ్చిన తెగులు అన్నిటికీ వస్తుంది. గత శతాబ్ది మధ్యకాలం వరకు ప్రపంచపు అంగళ్ళను ఏలిన గ్రోమిషెల్ అనే అరటి, అంతా ఒకే పిలక సంతతి కావడం చేత, వేరుతెగులుకు తట్టుకోలేక వ్యాపారం నుండి దాదాపుగా తప్పుకొన్నది. ఈ సంగతి గుర్తు పెట్టుకొని ముందుకు పోదాం.

భువనేశ్వరంలో ఒక ఋషి, ఆయనకొక తెలుగు శిష్యుడు

తోటలోని ఈ మాటను మనుషుల మీదికి తెచ్చినవాడు జె.బి.ఎస్. హాల్డేన్ అని చెప్పుకొంటారు. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన ఈ జన్యుశాస్త్రజ్ఞుడు 1957లో ఇంగ్లండును విడిచి మన దేశానికి వచ్చినాడు. కలకత్తాలో మహలనోబిస్ నడుపుతున్న భారత గణాంక సంస్థలో చేరినాడు. ధోవతి, కుర్తా కట్టుకొన్నాడు, భారత పౌరసత్వం తీసుకొన్నాడు. 1962లో భువనేశ్వరం చేరి అక్కడ ప్రయోగశాల పెట్టినాడు.

ఆయన కలకత్తాలో ఉండగా చేరిన శిష్యులలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణ ఒకరు. ఈయన చెవుల మీద దట్టంగా వెంట్రుకలు మొలిచే లక్షణం తండ్రి నుండి కొడుక్కు ఎట్లా వస్తున్నదో ఆంధ్రదేశపు వంశవృక్షాలను పరిశీలించి 1960లో ప్రకటించినారు. పి. మీరాఖాన్‌తో కలిసి మన మేనరికాల మీద కూడా పరిశోధన చేసినారు. తరువాత అమెరికాలో స్థిరపడి గురువుగారి జీవితాన్ని గ్రంథస్థం చేసినారు. మన మేనమామ పెళ్ళిళ్ళు, మన తాతల చెవుల వెంట్రుకలు ప్రపంచ జన్యుశాస్త్ర పత్రికల కెక్కడానికి కారణం ఈ గురుశిష్యులే.

1962 నవంబరులో లండన్‌లో "మానవుడు, అతని భవిష్యత్తు" అనే విషయం మీద ఒక సభ జరిగినది. అక్కడ హాల్డేన్ రాబోయే పదివేల ఏళ్ళలో మానవజాతి ఏమి కాగలదో ఊహిస్తూ, ఒకనాటికి మనుషులను కూడా కొమ్మ నాటినట్లు పెంచగలరని చెప్పినాడు. ఎవరిని? లోకానికి మేలు చేసిన మేధావులను. ఎప్పుడు? ఏభై ఏళ్ళు దాటి వారి యోగ్యత రుజువైన తరువాత. ఆటగాళ్ళు, నర్తకుల విషయంలో మాత్రం ఇంకా ముందే. అంతేకాదు, చాలామంది ప్రతిభావంతుల బాల్యం దుఃఖమయం కాబట్టి, వారే పెద్దతనంలో తమ ప్రతిరూపమైన బిడ్డను దగ్గరుండి చదివిస్తే ఆ బిడ్డకు ఆ బాధలు తప్పుతాయని కూడా ఆశించినాడు.

చెడ్డ మనసుతో చెప్పిన మాట కాదు ఇది. అయినా చదివినప్పుడు నాకొక సందేహం కలిగినది. యోగ్యత ఎవరు తూస్తారు? మన సంగతే చూడండి. గర్భంలో ఉన్నది ఆడపిల్ల అని తెలిస్తే తీయించివేస్తున్నారని 1994లో చట్టం చేయవలసి వచ్చిన దేశం మనది. పెళ్ళిచూపులలో రంగు చూస్తాం, ఎత్తు చూస్తాం, కులం సరే సరి. ఇట్టి మన చేతికి "ఏ మనిషిని మళ్ళీ పుట్టించవలె" అనే జాబితా వస్తే అందులో ఎవరి పేర్లుంటాయో, ఎవరి పేర్లుండవో చెప్పడానికి పాండిత్యం అక్కరలేదు.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో మరణించినాడు. ఇక మీదట ఈ శరీరంతో తనకు పని లేదు కాబట్టి అది ఇతరులకు ఉపయోగపడవలెనని వీలునామాలో రాసుకొన్నాడు. ఆ శరీరం చేరినది మన కాకినాడకు, రంగరాయ వైద్యకళాశాలకు. మేధావులకు ప్రతులు తీయవచ్చునన్న మనిషి తన దేహాన్ని తెలుగునాట వైద్యం నేర్చే పిల్లలకు పాఠంగా ఇచ్చిపోయినాడు. ఈ కథలో నాకు ఆ ఊహ కంటే ఈ దానమే పెద్దదిగా కనిపిస్తుంది.

గొర్రె ఎట్లా పుట్టినది?

నా శిష్యుడు అడిగిన గొర్రె పేరు డాలీ. అంతకు ముందు చాలా కథ నడిచినది. 1952లో బ్రిగ్స్, కింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు కప్ప అండంలోని కేంద్రకాన్ని తీసివేసి, లేత కప్ప పిండం నుండి తీసిన మరొక కేంద్రకాన్ని అందులో పెట్టి కప్పపిల్లలను పెంచినారు. ఆ తరువాత ఇంగ్లండులో జాన్ గర్డన్ తోకకప్ప ప్రేగు కణాలతో కూడా ఆ పని సాధించి, 2012లో నోబెల్ బహుమానం పొందినాడు.

కప్ప వేరు, పాలిచ్చే జంతువు వేరు. పెరిగిన జంతువు కణాన్ని మళ్ళీ మొదటికి తీసుకొని పోవడం అసాధ్యమని చాలామంది నమ్మినారు. స్కాట్లండులోని రోస్లిన్ సంస్థలో ఇయాన్ విల్ముట్, కీత్ క్యాంప్‌బెల్ బృందం ఒక ఆరేళ్ళ గొర్రె పొదుగులోని కణాన్ని తీసుకొని, మరొక గొర్రె అండంలోని కేంద్రకాన్ని తొలగించి, రెంటినీ విద్యుత్తుతో కలిపినారు. ఏర్పడిన పిండాన్ని మూడవ గొర్రె గర్భంలో పెంచినారు. 1996 జులై 5న డాలీ పుట్టినది. 1997 ఫిబ్రవరిలో లోకానికి తెలిసినది. 2003 ఫిబ్రవరి 14న, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినందున, ఆరున్నరేళ్ళ వయస్సులో దానికి బాధ లేని మరణం కల్పించినారు.

పత్రికలన్నీ డాలీ బొమ్మ వేసినవి. లెక్క మాత్రం తక్కువమంది చూసినారు. ఆ బృందం కలిపిన అండాలు 277. వాటిలో గర్భంలో పెట్టదగినవిగా పెరిగినవి 29. వాటిని 13 గొర్రెల గర్భాలలో పెట్టినారు. బ్రతికి పుట్టినది ఒక్కటి.

మన దేశంలో 2009 ఫిబ్రవరిలో హర్యానాలోని కర్నాల్ పాడిపరిశోధన సంస్థలో పుట్టిన క్లోను ఎనుముదూడ వారం తిరగకముందే చనిపోయినది. ఆ జూన్‌లో పుట్టిన "గరిమ" రెండేళ్ళు బ్రతికినది. 2017లో చైనాలోని షాంఘైలో రెండు కోతిపిల్లలను ఈ పద్ధతిలో పుట్టించినారు. అందుకు 79 పిండాలను 21 కోతుల గర్భాలలో పెట్టవలసి వచ్చినది. గొర్రె, ఎనుము, కోతి అని చదువుతూ పోతాం. ఆ వరుసలో తరువాతి మాట మనిషి అయితే ఆ గర్భాలన్నీ స్త్రీలవి. నిలువక పోయినవి, వికలంగా పుట్టినవి, వారం తిరగక ముందే కన్నుమూసినవి, అన్నీ బిడ్డలే. "ముందు కొన్ని చెడినా తరువాత బాగా వస్తుంది" అన్న మాట కుండల విషయంలో చెల్లుతుంది.

మన పురాణాలలో ఉన్నదే కదా!

ఈ విషయం ఎత్తితే మన వాళ్ళలో కొందరు వెంటనే ఈ మాట అంటారు. 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెస్‌లో, అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు నాగేశ్వరరావుగారు, కౌరవులు నూర్గురు మూలకణాల విద్యతో, పరీక్షనాళికలలో పుట్టినవారని ప్రసంగించినారు. శాస్త్రజ్ఞులు నిరసన తెలిపినారు. సైన్సు కాంగ్రెస్ నిర్వాహకులు ఆ మాటలతో తమకు సంబంధం లేదన్నారు.

భారతాన్ని జీవితమంతా పాఠం చెప్పినవాడిగా నా బాధ వేరు. ఆ కథలో పరీక్షనాళిక వెదికేవారు కథ చెప్పే నీతిని చూడరు. గాంధారి కడుపున పడ్డది ఒకే మాంసపిండం. వ్యాసుడు దానిని నూటొక్క ముక్కలు చేయించి నేతికుండలలో పెట్టించినాడు. ఒకే ముద్ద, ఒకే నెయ్యి, ఒకే రాజగృహం. దుర్యోధనుడు అందులోనివాడే. నిండుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలందరూ తలలు వంచుకొన్నప్పుడు, లేచి నిలిచి ఇది అధర్మమని చెప్పిన వికర్ణుడూ అందులోనివాడే. ఒకే ముద్దలో పుట్టినంత మాత్రాన ఒకే మనిషి కాడని వ్యాసుడు చెప్పినాడు. ఇంతకంటే శాస్త్రీయమైన మాట ఆ కథలో ఇంకేమి కావాలి?

పెద్దన మనుచరిత్ర చదివినవారికి మాయాప్రవరుడు గుర్తుంటాడు. ప్రవరుడు కాదని పోయిన తరువాత, గంధర్వుడు అదే రూపం ధరించి వరూధిని దగ్గరకు వస్తాడు. ముఖం ప్రవరునిది, ఆ నిష్ఠ మాత్రం ప్రవరునిది కాదు. రూపం దొరికితే మనిషి దొరికినట్లేనని ఆమె నమ్మింది. ఆ నమ్మకం మోసమని పాఠకునికి తెలుసు, ఆమెకు తెలియదు.

మా ఊరికి దగ్గరలోనే మంత్రాలయం. ప్రహ్లాదుడే వ్యాసరాయలుగా, ఆయనే రాఘవేంద్రస్వామిగా వచ్చినారని అక్కడి సంప్రదాయం. నమ్మేవారు నమ్ముతారు, నమ్మనివారిని నేను బలవంతపెట్టను. కాని ఒక సంగతి గమనించండి. మన సంప్రదాయం ఎరిగినది ఒకే జీవుడు వేరువేరు శరీరాలతో రావడం. క్లోనింగు దీనికి తలకిందులు. ఒకే రకం శరీరంతో వేరొక జీవుడు రావడం. కాబట్టి పోయినవాడు తిరిగి వస్తాడని ఆశించేవారికి ఆ సంప్రదాయం కూడా ఇక్కడ తోడు రాదు.

శాస్త్రమూ ఇదే చెబుతున్నది. 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్‌లో మొదటి క్లోను పిల్లి పుట్టినది. మూలపు పిల్లిది మూడు రంగుల మచ్చల ఒళ్ళు. పిల్లకు ఆ మచ్చలు అట్లాగే రాలేదు, చూపునకే వేరుగా కనిపించినది. పిల్లి ఒంటి మీది రంగే ప్రతి తీయడానికి లొంగకపోతే మనిషి మనస్సు లొంగుతుందా? కవలపిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు. క్లోను అంటే ఆలస్యంగా పుట్టిన కవల, అంతే.

దుఃఖం మీద వ్యాపారం

చనిపోయిన బిడ్డను తిరిగి తెచ్చుకొనవలెనన్న కోరిక మా శిష్యునికే కలిగినది కాదు. 1999లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఒక న్యాయవాది, పది నెలల కొడుకును గుండెజబ్బుతో పోగొట్టుకొన్నాడు. ఆ బిడ్డను క్లోనుగా తిరిగి కనవలెనని క్లోనెయిడ్ అనే సంస్థ నమ్మించగా ఐదు లక్షల డాలర్ల వరకు ఖర్చు పెట్టి ప్రయోగశాల ఏర్పాటు చేయించినాడు. చివరకు 2001లో ఆ సంస్థ ప్రచారపు యావ చూసి విసిగి దూరమైనాడు. అదే సంస్థ 2002 డిసెంబరులో "ఈవ్" అనే మొదటి క్లోను శిశువు పుట్టినదని ప్రకటించినది. బిడ్డను ఎవరికీ చూపలేదు, ఒక్క పరీక్షకూ ఒప్పుకోలేదు. అంతకు ముందు 1978లో ఒక అమెరికా రచయిత, ఒక ధనికుడు తన క్లోనును కన్నాడని "నిజకథ"గా పుస్తకం వేసినాడు. కోర్టు అది బూటకమని తేల్చినది.

ఇంతకంటే బాధ కలిగించినది దక్షిణ కొరియా కథ. హ్వాంగ్ ఊ-సుక్ అనే శాస్త్రజ్ఞుడు 2004, 2005లలో మానవ పిండాన్ని క్లోను చేసి మూలకణాలు తీసినానని ప్రకటించి జాతీయవీరుడైనాడు. 2006 జనవరి నాటికి ఆ ఫలితాలు కల్పితాలని తేలినది. విచారణలో మరొక సంగతి బయటపడినది. అతడు నూరుమందికి పైగా స్త్రీల నుండి రెండువేలకు పైగా అండాలు తీసుకొన్నాడు. ఇచ్చినవారిలో అతని దగ్గర పనిచేసే చిన్న ఉద్యోగినులు కూడా ఉన్నారు. పై అధికారి అడిగితే కాదనగలిగిన స్త్రీలు ఎందరు? అండం తీయడమంటే రోజుల తరబడి సూదిమందులు, ఆపైన శస్త్రక్రియ. డాలీ లెక్కలో 277 అండాల వెనుక గొర్రెలుండినవి. ఇక్కడ ఆడవాళ్ళున్నారు.

హైదరాబాదులో రెండు దారులు

మన రాజధానిగా వెలిగిన హైదరాబాదు ఈ చరిత్రలో లేకపోలేదు. 1977లో పుష్పమిత్ర భార్గవ స్థాపించిన సి.సి.ఎం.బి. అక్కడే ఉన్నది. మన దేశంలో చీతాలు లేకుండా పోయినవని 1952లో ప్రకటించినారు. 2000 ప్రాంతంలో లాల్జీసింగ్ నాయకత్వంలో ఆ సంస్థ వారు, ఇరాన్‌లో మిగిలిన ఆసియా చీతా కణాలు తెచ్చి, చిరుతపులి గర్భంలో చీతాను క్లోను చేయాలని తలపెట్టినారు. ఇరాన్ చీతాను పంపలేదు, కణాలూ ఇవ్వలేదు. ఆ పథకం అంతటితో ఆగిపోయినది. 2022 సెప్టెంబరులో నమీబియా నుండి ఎనిమిది చీతాలు ప్రాణంతోనే విమానంలో వచ్చి మధ్యప్రదేశ్ అడవిలో దిగినవి. ప్రతి తీయడానికి కూడా మూలం కావలె, ఆ మూలం ఉన్నవారి అంగీకారం కావలె. జంతువు విషయంలో దేశాలు ఇంత పట్టుదల చూపినవి. రేపు క్లోనుగా పుట్టబోయే బిడ్డ అంగీకారం ఎవరడుగుతారు?

రెండవ దారి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిది. పసిపిల్లలు ఆడుకొంటూ తమలపాకుల సున్నం పొట్లం నొక్కితే అది కంటిలో చిమ్మి నల్లగుడ్డు మీది పొర మాడిపోతుంది. అట్టివారికి అక్కడి వైద్యులు బాగున్న రెండవ కంటి అంచు నుండి ఆవగింజంత ముక్క తీసి, అందులోని మూలకణాలను కాన్పులో లభించే ఉమ్మనీటి సంచి పొర మీద పెంచి, చెడిన కంటిపై అతికే చికిత్సను 2001లో మొదలుపెట్టినారు. పదేళ్ళలో 200 మందికి చేసిన చికిత్సల ఫలితాలను 2011లో ప్రకటించినారు. నూటికి 71 కళ్ళలో ఆ పొర నిలిచినది. ఇక్కడా కణాన్ని పెంచడమే ఉన్నది. కాని ఎవరి కణం వారికే, ఎవరి మేలు వారికే. మరొక మనిషిని పుట్టించడం లేదు.

ఈ రెండింటి మధ్య గీత గీయడమే నీతి అని నా అభిప్రాయం. మన ప్రభుత్వం కూడా సుమారుగా ఆ గీతనే గీసినది. భారత వైద్య పరిశోధన మండలి 2000లో వెలువరించిన నియమాలు, 2007, 2017లలో మూలకణ పరిశోధనకు వేసిన మార్గదర్శకాలు మనిషిని క్లోనుగా పుట్టించడాన్ని నిషేధించినవి. చికిత్స కోసం జరిగే పరిశోధనకు పర్యవేక్షణతో చోటిచ్చినవి. 2005 మార్చి 8న ఐక్యరాజ్యసమితిలో అన్ని రకాల మానవ క్లోనింగునూ వద్దనే ప్రకటనకు 84 దేశాలు అవునన్నవి, 34 కాదన్నవి, 37 తటస్థంగా ఉన్నవి. భారతదేశం కాదన్న వాటిలో ఉన్నది. మనిషిని పుట్టించడం మనకు సమ్మతమని కాదు, చికిత్సకు దారి మూయరాదని. అయితే మన దగ్గర ఉన్నవి మార్గదర్శకాలే కాని పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం కాదు. 2018లో చైనాలో ఒక శాస్త్రజ్ఞుడు గర్భంలో పెట్టక ముందే పిండాల జన్యువులను మార్చి కవల ఆడపిల్లలను పుట్టించినాడు. 2019లో అతనికి మూడేళ్ళ జైలుశిక్ష పడినది. పిల్లలు పుట్టిన తరువాత వచ్చిన శిక్ష అది.

ఎదుటివారి మాట కూడా చెప్పవలె. కొత్తది వచ్చినప్పుడు భయపడడం లోకసహజం. 1978లో పరీక్షనాళిక శిశువు పుట్టినప్పుడు కూడా ఇది సృష్టికి విరుద్ధమన్నారు. ఆ ఏడే కలకత్తాలో అట్టి శిశువు పుట్టుకకు కారకుడైన డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయను నమ్మక అవమానించినారు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకొన్నాడు. ఆ పాపం ఇప్పటికీ మనలను వెంటాడుతున్నది. కాబట్టి క్లోనింగు కొత్తది కనుక తప్పు అని నేననను. పొరపాటున ఎక్కడైనా అట్లా పుట్టిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ సంపూర్ణ మానవుడే, వేలెత్తి చూపే అధికారం ఎవరికీ లేదు. కాని పరీక్షనాళిక శిశువు ఎవరవుతాడో ఎవరికీ తెలియదు. క్లోను శిశువు ఎవరు కావలెనో ముందే నిర్ణయించి పుట్టిస్తారు. నా అభ్యంతరం అక్కడ.

"నేను" అనే వ్యాసం

ఈ అభ్యంతరం నాకు పుస్తకాల నుండి రాలేదు. చాలా ఏళ్ళ కిందట వేరొక ఊరిలో పనిచేస్తున్నప్పుడు ఏడవ తరగతి పిల్లలకు "నేను" అనే శీర్షిక మీద వ్యాసం రాయమన్నాను. ఒక పిల్లవాడు ఒక పేజీ నిండా రాసినాడు. తాను నాలుగేళ్ళకే పద్యాలు చెప్పేవాడినని, అవ్వకు తానంటే ప్రాణమని, తనకు తేలు కుట్టినదని. ఆ చివరి వాక్యం చూసి పిలిచి అడిగినాను. ఆ తేలు కుట్టినది వీడు పుట్టకముందే చనిపోయిన అన్నకు. వీడికి అదే పేరు పెట్టినారు. వాడి చొక్కాలే తొడిగినారు. "నువ్వు వాడివేరా, మళ్ళీ వచ్చినావు" అని చెబుతూ పెంచినారు. "అదంతా మీ అన్న సంగతి కదా, నీ సంగతి రాయి" అన్నాను. వాడు చాలాసేపు పలక వంక చూసినట్లు కాగితం వంక చూసి, "నాకేం లేదు సార్" అన్నాడు.

ఆ తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. మా ప్రాంతంలో బిడ్డలు వరుసగా పోతే తరువాత పుట్టినవాణ్ణి తిప్ప మీద, అంటే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తిప్పయ్య అనో తిప్పన్న అనో పేరు పెట్టేవారు. మృత్యువు కంటికి ఆనకుండా దాచుకొనే తల్లి ప్రేమ అది. తిప్పన్నకు తన బ్రతుకు తనకు దొరికేది. ఈ పిల్లవానికి అది దొరకలేదు. పేరు, చొక్కా మాత్రమే ఇచ్చినందుకు ఇంత బరువు పడితే, ముఖం, గొంతు, నడక కూడా వాడివే ఇచ్చి పుట్టిస్తే ఆ బిడ్డ ఎక్కడికి పారిపోగలడు?

చెప్పిన జవాబు

ఈ చదువంతా అయిన తరువాత ఒక రాత్రి శిష్యుని వెదుక్కుంటూ వెళ్ళినాను. ఒక రైతు చేనిలో మంద నిలిపి ఉన్నాడు. పక్కన కంబళి పరిచినాడు, కూర్చున్నాను. చెప్పవలసినది చెప్పినాను. మనిషిని అట్లా పుట్టించినట్లు రుజువు ఎక్కడా లేదు. రేపు పుట్టించగలిగినా వచ్చేవాడు నీ కొడుకు పోలికలతో పుట్టిన వేరొక బిడ్డ, నీ కొడుకు కాడు. కాలువకు పోయినవాడు నీతో గడిపిన పదునాలుగేండ్లు వానికి తెలియవు.

అతడు అంతా విన్నాడు. చాలాసేపటికి మెల్లగా అన్నాడు.

"ఎనుముకు దూడ సచ్చిపోతే తోలులో గడ్డి కూరి ముందర పెడతాం సార్. అది నాకుతాది, పాలిస్తాది. నేను ఎనుమును గాను గదా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వస్తూ దారిపొడుగునా దానినే తలపోసినాను. గడ్డిదూడకు బాధ లేదు, దానికి ప్రాణం లేదు కాబట్టి. క్లోనింగులో మనం చేయబోయేది ప్రాణమున్న బిడ్డను తెచ్చి గడ్డిదూడ పని చేయమనడం. ఎనుము మోసపోతుంది, దాని పాలు మనకు దక్కుతాయి. ఆ బిడ్డకు ఏమి దక్కుతుంది?

ఇప్పుడు అతని పెద్దకొడుకు ఆదోనిలో చదువుతున్నాడు. వాణ్ణి చూసినప్పుడల్లా తమ్ముని ప్రస్తావన తేవద్దని బంధువులకు చెప్పినానని, పోయినవాని ఫోటో మాత్రం పటం కట్టించి ఇంటిలో పెట్టుకొన్నానని మొన్న కలిసినప్పుడు అన్నాడు.

ఈ విషయంలో వైద్యం, జీవశాస్త్రం చదివిన మిత్రులు నా పొరపాట్లు ఏవైనా ఉంటే తప్పక దిద్దవలసినదిగా కోరుతున్నాను.

స్వస్తి.